అంటువ్యాధి వేళ పోలీస్ స్టేషన్‌ను నడిపించడం: బెంగళూరు ఇన్‌స్పెక్టర్లకు సమగ్ర మార్గదర్శి

అంటువ్యాధి నగరంలోకి దిగాక స్టేషన్‌లో రాసే ప్రతి ఉత్తర్వునూ ఒక్క ప్రశ్న వేసి చూడండి: దీనివల్ల మనుషులు ఒకరికొకరు దగ్గరవుతారా, దూరమవుతారా? 2020 లాక్‌డౌన్‌లో బెంగళూరులో వేలకు వేలు బైకులు, ఆటోలు, కార్లు జప్తు చేశారు. రోడ్లు ఖాళీ అయిన మాట నిజమే. మే నెల మొదట్లో వాటిని తిరిగి ఇవ్వడం మొదలైనప్పుడు ఆ బళ్ల యజమానులంతా ఆర్‌సీ కాగితాలు పట్టుకుని ఎక్కడికి రావాలి? స్టేషన్ గుమ్మంలోకే. రోడ్డు మీద చెదరగొట్టిన గుంపును మనమే మన వాకిట్లో పోగేసుకున్నట్టు.

ఈ మార్గదర్శి స్టేషన్ ఇన్‌స్పెక్టర్ కోసం రాసింది. లెక్కలకు సుమారు 80 మంది సిబ్బంది, రెండు హొయ్సళ గస్తీ బళ్లు, రెండు మూడు పెద్ద కూడళ్లు ఉన్న స్టేషన్‌ను తీసుకున్నాం. మీ సంఖ్య వేరైతే నిష్పత్తి చూసుకోండి.

ముందు డాక్టరుతో అరగంట

కమిషనర్ కార్యాలయం నుంచి సర్క్యులర్ వచ్చేదాకా ఆగొద్దు. మీ పరిధిలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మెడికల్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లి కూర్చుని మూడు సంగతులు అడిగి రాసుకోండి. జబ్బు గాలి ద్వారా వస్తుందా, తాకితే వస్తుందా, నీటి వల్లా, దోమ వల్లా? సోకాక ఎన్ని రోజులకు బయటపడుతుంది? లక్షణాలు కనిపించకముందే ఇతరులకు అంటుతుందా?

మీ బందోబస్తు మొత్తం ఈ మూడు జవాబుల మీదే ఆధారపడుతుంది. డెంగీకి నాకాబందీ (రోడ్లకు అడ్డం పెట్టి బళ్లు తనిఖీ చేయడం) దండగ. అక్కడ మీ పని తాళం వేసిన ఖాళీ స్థలాలు, సెల్లార్లు తెరిపించి మలేరియా సిబ్బందిని లోపలికి పంపడం. కలరా అయితే నీటి ట్యాంకర్లు ఎక్కడ నింపుకుంటున్నాయో చూడాలి. కోవిడ్‌లా గాలిలో పాకి, లక్షణాలు లేనివాళ్ల నుంచీ అంటేదైతేనే కింద చెప్పేదంతా పూర్తిగా వర్తిస్తుంది.

వచ్చేటప్పుడు ఆ కేంద్రం పరిధి పటం కూడా తెచ్చుకోండి. స్టేషన్ పరిధి, వార్డు పరిధి, ఆరోగ్య కేంద్రం పరిధి ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలవవు. పైగా 2025లో నగర పాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద అయిదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి పాత రిజిస్టర్లలోని వార్డు నంబర్లను నమ్ముకోవద్దు. మూడు పటాలూ ఒకే కాగితం మీద గీయించి, ఏ వీధికి ఏ హెల్త్ ఇన్‌స్పెక్టర్, ఏ ఆశా కార్యకర్త, ఏ బీట్ కానిస్టేబులో పేరు, ఫోన్ నంబరుతో రాయించండి. రెండు రోజుల పని అది. ఆ రెండు రోజులు పెట్టని స్టేషన్లలో తర్వాత రెండు నెలలు "ఆ వీధి మాది కాదు" అనే మాటే వినిపిస్తుంది.

ఏ ఉత్తర్వు, ఏ సెక్షన్

అమలు చేయబోయే ఆంక్ష ఏ చట్టం కింద వచ్చిందో ఉత్తర్వు కాపీ చూసి గాని ఎఫ్ఐఆర్ రాయొద్దు. కర్ణాటకకు 2020లో సొంత అంటువ్యాధుల చట్టం వచ్చింది. విపత్తు నిర్వహణ చట్టం 2005లోది. గుమికూడటాన్ని నిషేధించే ఉత్తర్వు ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 163 కింద వస్తుంది, అంటే పాత సీఆర్‌పీసీ 144. బెంగళూరులో ఆ అధికారం పోలీస్ కమిషనర్‌కే ఉంది. ఆ ఉత్తర్వు రెండు నెలలకు మించి నిలవదు, ప్రభుత్వం పొడిగిస్తే తప్ప. గడువు తేదీని స్టేషన్ రికార్డులు రాసే రైటర్ బల్ల ముందు గోడ మీద రాయించండి.

ఉత్తర్వు ధిక్కారానికి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 223, అజాగ్రత్తతో జబ్బు వ్యాపింపజేసినందుకు 271, కావాలని చేసినందుకు 272, క్వారంటైన్ నియమం మీరినందుకు 273. ఎక్కువమంది జారిపడేది 223 దగ్గరే. ఆ నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవాలంటే ఉత్తర్వు ఇచ్చిన అధికారి, లేదా ఆయన పైఅధికారి, రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 215 చెబుతుంది. స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కట్టి ఛార్జిషీటు వేసేస్తే చాలదు, హైకోర్టులో కొట్టేస్తారు. వంద కేసులు కట్టి వందా పోగొట్టుకోవడం కంటే పది కేసులు సరిగ్గా కట్టడం మేలు. మిగతా తొంభైకి హెచ్చరికా, ఉత్తర్వులో ఉంటే జరిమానా రసీదూ చాలు.

వైద్య సిబ్బంది మీద దాడి సంగతి వేరు. 1897 అంటువ్యాధుల చట్టానికి కేంద్రం 2020లో చేసిన సవరణ ప్రకారం అది బెయిలు రాని నేరం. మూడు నెలల నుంచి అయిదేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. తీవ్ర గాయమైతే ఆరు నెలల నుంచి ఏడేళ్లు, లక్ష నుంచి 5 లక్షలు. దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారి చేయాలి, ఎఫ్ఐఆర్ అయిన 30 రోజుల్లో ముగించాలి. ఈ ఫైలును సబ్ ఇన్‌స్పెక్టర్‌కు అప్పగించి మరిచిపోతే కేసు అక్కడే బలహీనపడుతుంది.

మనుషుల్ని జట్లు చేయడం

స్టేషన్ మూతపడితే ఆ పరిధిలో మిగతావేవీ నడవవు కాబట్టి మొదటి బందోబస్తు మీ సిబ్బందికే. 80 మంది వయసు, బీపీ, షుగరు, ఆస్తమా, గర్భం, ఇంట్లో పసిపిల్లలు, ముసలి తల్లిదండ్రులు ఉన్నారా అన్నవి ఒక కాగితం మీదికి తెండి. రోల్ కాల్‌లో అందరి ముందూ అడిగితే ఎవరూ నిజం చెప్పరు. షుగరు ఉందంటే ప్రమోషన్ పోతుందేమోనన్న భయం మనవాళ్లకు బలంగా ఉంటుంది. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడగాలి, ఆ కాగితం మీ సొరుగులోనే ఉండాలి. 2020 ఏప్రిల్‌లో ముంబైలో వరసగా పోలీసుల మరణాలు జరిగాకే 55 దాటినవాళ్లను ఇంటి దగ్గర ఉండమన్నారు. ఆ పని మీరు మొదటి రోజే చేయవచ్చు.

అలా 14 మంది పక్కకు వచ్చారనుకుందాం. వాళ్లు ఇంటి నుంచి ఫోన్లు చేసే జట్టు. క్వారంటైన్ ఇళ్లకు, ఒంటరి వృద్ధులకు, ఆస్పత్రులకు ఫోన్ చేయడం వాళ్ల పని. మిగిలిన 66 మందిని 22 చొప్పున మూడు జట్లు చేయండి. రెండు జట్లు పగలూ రాత్రీ పన్నెండేసి గంటలు, మూడో జట్టు వారం పాటు ఇంట్లో. వారానికోసారి మారుతుంది. ఒక జట్టు 22 మందిని ఇలా సర్దవచ్చు: స్టేషన్‌లో అయిదుగురు, హొయ్సళ బళ్లలో నలుగురు, రెండు చెక్‌పోస్టుల్లో నాలుగేసి చొప్పున ఎనిమిది మంది, బీట్ బైకుల మీద నలుగురు, అదనంగా ఒకరు.

అసలు నియమం ఏమిటంటే ఒక జట్టు మనిషి ఇంకో జట్టు మనిషిని కలవకూడదు. ఛార్జి అప్పగింత ఫోన్‌లో జరగాలి, లేదా పది నిమిషాల తేడాతో, రిజిస్టర్ బల్ల మీద వదిలి. ఈ నియమం కూలేది ఎప్పుడూ ఒకేచోట: భోజనం దగ్గర. రోజంతా మాస్కు వేసుకున్న నలుగురు మధ్యాహ్నం చిన్న విశ్రాంతి గదిలో తలుపేసుకుని, మాస్కులు తీసి, ఒకే క్యారియర్ చుట్టూ కూర్చుంటారు. రాగిముద్దయినా, పులిహోరైనా ఆరుబయట, ఒక్కొక్కరుగా తినాలి. ఉమ్మడి విశ్రాంతి గదికి తాళం వేయండి, మొదట తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి. తర్వాతి గండం జీపు: అద్దాలు దించి, ఏసీ ఆపి, ముగ్గురికి మించకుండా.

సెలవులు పూర్తిగా రద్దు చేయకండి. రద్దు చేస్తే జ్వరమొచ్చినవాడు దాచిపెట్టి డ్యూటీకి వస్తాడు. జ్వరం చెప్పినవాడికి ఆ రోజే వేతనంతో సెలవు, మెమో లేదు, ప్రశ్న లేదు అని రోల్ కాల్‌లో మూడు రోజులు వరసగా చెప్పండి. మొదటిసారి ఎవరో ఒకరు చెప్పి, మీరు మాట నిలబెట్టుకున్నాకే మిగతావాళ్లు నమ్ముతారు.

సామాను లెక్క

ఎన్95 మాస్కులు మనిషికి అయిదు. ప్రతి మాస్కుకూ ఒక కాగితపు కవరు, దాని మీద పేరు, 1 నుంచి 5 దాకా అంకె. ఈరోజు వాడింది కవరులో పెడితే మళ్లీ దాని వంతు అయిదు రోజులకు వస్తుంది. అయిదుసార్లు వాడాక పారేయాలి. అంటే మనిషికి 25 పని రోజులు, 66 మందికి 330. చెమటకు తడిసేవీ, తీగ విరిగేవీ ఉంటాయి కాబట్టి 400 తెప్పించండి. ప్లాస్టిక్ కవరులో పెడితే తడి ఆరదు. ఉతికితే, శానిటైజర్ చల్లితే వడపోత దెబ్బతింటుంది. గడ్డం ఉంటే అంచుల్లో గాలి దూరుతుంది.

శానిటైజర్ ఒక్కసారికి 3 మిల్లీలీటర్లు, రోజుకు పదిసార్లు అనుకుంటే మనిషికి 30. రోజూ డ్యూటీలో ఉండే 44 మందికి లీటరు పైన మూడోవంతు, నెలకు 40 లీటర్లు. ఆల్కహాల్ 60 శాతానికి తగ్గకూడదు. అది మండేది కాబట్టి ఎండలో నిలిపిన జీపు డాష్‌బోర్డు మీద పెట్టకూడదు. రాసుకున్న చేతులు ఆరకముందే బీడీ వెలిగించనివ్వకూడదు.

బల్లలు, తలుపు పిడులు, లాకప్ కడ్డీలు తుడవడానికి 1 శాతం హైపోక్లోరైట్ ద్రావణం. దుకాణంలో దొరికేది 5 శాతమైతే ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు, అంటే పది లీటర్లకు 2 లీటర్ల మందు, 8 లీటర్ల నీళ్లు. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరైతే లీటరు నీటికి 33 గ్రాములు. ఏ రోజుది ఆ రోజే కలపాలి, నిలవుంటే బలం పోతుంది. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది, ఈ మాట సఫాయి పనివాళ్లకు నోటితో చెప్పాలి, కాగితం అంటించి ఊరుకోవద్దు. మనుషుల మీద మాత్రం దీన్ని చల్లకూడదు. 2020 మార్చిలో బరేలీలో వలస కూలీల మీద చల్లారు, దేశమంతా తలదించుకోవలసి వచ్చింది. కేంద్ర ఆరోగ్య శాఖ ఆ ఏప్రిల్‌లోనే మనుషుల మీద చల్లొద్దని స్పష్టంగా చెప్పింది.

ఇంకా: రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్లు ఆరు, దూరం నుంచి చూసే థర్మామీటర్లు రెండు, పూర్తి పీపీఈ కిట్లు 20, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు 200. థర్మామీటర్ ఎండలో అబద్ధం చెబుతుంది. చూసే మనిషిని అయిదు పది నిమిషాలు నీడలో నిలబెట్టి చూడండి. పీపీఈ కిట్ శవాన్ని, రోగిని తాకే పనికే. చెక్‌పోస్టులో అది వేసి నిలబెడితే జబ్బు కంటే ముందు వడదెబ్బ కొడుతుంది.

స్టేషన్ గుమ్మం

ఫిర్యాదుదారు లోపలికి రాకూడదు, అలాగని వెనక్కీ పోకూడదు. గేటు లోపల చెట్టు కిందో, షామియానా కిందో ఒక బల్ల వేసి, మధ్యలో పారదర్శక తెర కట్టి, ఆరడుగుల దూరంలో రెండు కుర్చీలు పెట్టండి. రాయడం రాని వాళ్లకు రాసిపెట్టే మనిషి ఒకరు ఉండాలి. కన్నడంతోపాటు తెలుగు, తమిళం, ఉర్దూ, హిందీ వచ్చినవాళ్లు ఏ షిఫ్టులో ఎవరున్నారో పేర్లు రాసి అక్కడ అంటించండి.

ఇంట్లో హింస గురించి చెప్పుకోవడానికి వచ్చే ఆడవాళ్లు ఈ కాలంలో గుమ్మం దాకా రాలేరు, ఎందుకంటే కొట్టేవాడు ఇరవై నాలుగ్గంటలూ ఇంట్లోనే ఉంటాడు. గడిచిన ఏడాది అలాంటి ఫిర్యాదులు ఇచ్చినవాళ్ల జాబితా తీసి, మహిళా సిబ్బంది వారానికోసారి పాల లెక్కో, రేషనో అడిగే నెపంతో ఫోన్ చేయాలి. వనితా సహాయవాణి 1091, పిల్లలకు 1098.

నాకాబందీ

తక్కువ చోట్ల పెట్టండి, పెట్టినచోట సరిగ్గా పెట్టండి. చిన్న సందులన్నీ బారికేడ్లు, చెట్టు కొమ్మలతో మూసేస్తే అంబులెన్సు డ్రైవర్ ఫోన్‌లోని మ్యాప్ చూసి అదే సందులోకి వచ్చి ఇరుక్కుంటాడు. మూసిన ప్రతి దారి వివరం 108, 112, అగ్నిమాపక కేంద్రాలకు అదే గంటలో చేరాలి.

బారికేడ్లను వంకర టింకరగా నిలిపి వేగం తగ్గించండి, ఎడమవైపు పన్నెండు అడుగుల వెడల్పున ఒక వరుస మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. అది అంబులెన్సు, ఆక్సిజన్, మంచినీళ్లు, పాలు, గ్యాస్ బళ్లకు. సిల్క్ బోర్డు, కేఆర్ పురం తూగువంతెన లాంటి చోట మామూలు రోజుల్లోనే బండి కదలదు, అక్కడ ప్రతి బండినీ ఆపితే అరగంటలో రెండు కిలోమీటర్ల వరుస తయారవుతుంది. పదింట ఒకటి ఆపండి. కాగితాలు చేతిలోకి తీసుకోకుండా అద్దం వెనక నుంచి చూపించమనండి. మద్యం తాగారేమో చూడటానికి ఊదించే ఆల్కోమీటర్ పూర్తిగా పక్కన పెట్టండి. అనుమానం గట్టిగా ఉంటే ఆస్పత్రిలో రక్తపరీక్షే.

చెక్‌పోస్టులో నలుగురిలో ఇద్దరే రోడ్డు మీద, ఇద్దరు నీడలో. గంటకోసారి మారాలి. ఏప్రిల్, మే ఎండల్లో మనిషికి షిఫ్టుకు నాలుగు లీటర్ల నీళ్లు లెక్కవేయండి. మహిళా సిబ్బందికి మరుగుదొడ్డి ఎక్కడో ముందే తేల్చకపోతే వాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. పక్కనే ఉన్న పెట్రోలు బంకుతోనో కల్యాణ మండపంతోనో మాట్లాడి తాళం చెవి తీసుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. షిఫ్టు మధ్యలో కళ్లు తిరిగి పడిపోవడానికి ఇదీ ఒక కారణం.

పరిధిలోని ఆస్పత్రుల షిఫ్టు మారే వేళలు కనుక్కుని ఆ గంటల్లో తనిఖీ సడలించండి. నర్సును అరగంట ఆపితే వార్డులో రాత్రి షిఫ్టు నర్సుకు విశ్రాంతి లేకుండా పోతుంది. పాసు అడగకుండా వదలాల్సినవాళ్ల పట్టీ చెక్‌పోస్టులో అంటించండి: నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఆశా కార్యకర్తలు, పౌరకార్మికులు (పారిశుధ్య సిబ్బంది), శ్మశాన సిబ్బంది, డయాలసిస్, కీమో రోగులు, గర్భిణులు. డయాలసిస్ రోగికి వారానికి రెండు మూడుసార్లు ఇదే దారి, మొదటిసారే బండి నంబరు రాసుకుంటే మళ్లీ ఆపాల్సిన పని ఉండదు. కాగితం పాసులు రెండు రోజుల్లో జిరాక్సు దుకాణాల్లో పుడతాయి. 2020లో బెంగళూరు పోలీసులు ఫోన్‌లో చూపించే ఈ-పాసుకు మారారు. పాసు ఎవరికి ఇస్తున్నారన్నదాని కంటే ఏ గంటలకు ఇస్తున్నారన్నది ముఖ్యం.

లాఠీ మాట. చేతిలో ఉంటే వాడాలనిపిస్తుంది. చెక్‌పోస్టు సిబ్బంది దగ్గర లాఠీ ఉండనక్కర్లేదు, జీపులో ఉంటే చాలు. గుంజీలు తీయించడం, కప్పగంతులు వేయించడం, పూలు ఇచ్చి వెక్కిరించడం చట్టంలో లేవు. 2020 జూన్‌లో తమిళనాడులోని సాత్తాన్‌కుళంలో సమయం దాటి దుకాణం తెరిచారన్న ఆరోపణ మీద తీసుకెళ్లిన తండ్రీకొడుకులు కస్టడీ హింస తర్వాత మరణించారు. సీబీఐ పోలీసుల మీద హత్య కేసు నడిపింది. మొదలైంది ఒక దుకాణం షట్టరు దగ్గర. ఆ తర్వాతే అక్కడ ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్ వాలంటీర్లను స్టేషన్ పనుల నుంచి తప్పించారు. మీ దగ్గరికి వచ్చే వాలంటీర్లకు మందులు, భోజనం చేర్చే పని ఇవ్వండి, బారికేడ్ పని ఇవ్వొద్దు.

బజారు

2021 ఏప్రిల్ చివర్లో కర్ణాటకలో నిత్యావసర దుకాణాలకు ఉదయం 6 నుంచి 10 దాకా గడువు పెట్టారు. రోజంతా విడివిడిగా వచ్చే జనం నాలుగు గంటల్లో మీదపడ్డారు. గడువు ఎంత బిగిస్తే గుంపు అంత చిక్కనవుతుంది. ఈ గంటలు నిర్ణయించేది మీరు కాదు, కానీ ఏసీపీ సమావేశంలో ఈ మాట చెప్పగలిగేది మీరే.

టోకు మార్కెట్టు మీ పరిధిలో ఉంటే చిల్లర కొనుగోలుదారును మొదటి రోజే ఆపాలి. చెన్నై కోయంబేడు అలా ఆపలేకపోయింది. 2020 మే 5న మూసి కూరగాయల వ్యాపారాన్ని తిరుమళిసైకి మార్చేసరికే లారీల వెంట జబ్బు చిత్తూరు, నెల్లూరు దాకా వెళ్లింది. ఉల్లి, టమాటా, పూల వ్యాపారాలను వేర్వేరు మైదానాలకు పంచండి. హమాలీలను వదిలేసి వ్యాపారులతోనే సమావేశం పెడితే మర్నాడు బస్తా దించేవాడికి ఏమీ తెలియదు. హమాలీ మేస్త్రీని కూడా పిలవండి.

ఆరోగ్య సిబ్బంది వెంట వీధిలోకి

2020 ఏప్రిల్ 19 సాయంత్రం బెంగళూరులోని పాదరాయనపురలో, రోగులతో మెలిగినవాళ్లను క్వారంటైన్‌కు తరలించడానికి వెళ్లిన సిబ్బంది మీద గుంపు తిరగబడింది, బారికేడ్లు విరిగాయి. అలాంటి వీధిలోకి చీకటి పడ్డాక వెళ్లకండి. చీకట్లో పదిమంది యూనిఫాంలు, తెల్లటి పీపీఈలు కనబడితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది.

ముందు రోజు ఉదయం బీట్ కానిస్టేబుల్, ఆశా అక్క ఇద్దరే వెళ్లి మసీదు, గుడి, చర్చి పెద్దలకు, సంఘం అక్కలకు చెప్పాలి. ఎవరిని ఎక్కడికి తీసుకెళ్తారు, ఎన్ని రోజులు, అక్కడ తిండి ఏమిటి, ఇంట్లో మిగిలిన పిల్లల్ని, మేకల్ని ఎవరు చూస్తారు, ఈ నాలుగింటికీ జవాబు లేకుండా మైకు పట్టుకోవద్దు. సాయంత్రం ఆటోలో మైకు. తెలుగువాళ్లు ఎక్కువున్న వీధిలో ఇలా: "అక్కలారా, అన్నలారా, రేపు పొద్దున ఏడింటికి డాక్టరమ్మ మీ వీధికి వస్తున్నారు. ఎవరినీ అరెస్టు చేయడానికి కాదు. పరీక్ష చేసి, అవసరమైనవాళ్లను పదిరోజులు వేరే గదిలో ఉంచుతారు. ఇంటి దగ్గర పెద్దవాళ్లకు బియ్యం, పాలు మేమే తెచ్చిస్తాం." రోజుల సంఖ్య మాత్రం డాక్టరు చెప్పిందే చెప్పండి.

మర్నాడు యూనిఫాం బలగం వీధి చివర కనబడకుండా నిలబడుతుంది. ఇంటి గడప దగ్గర ఆశా అక్క ముందు, ఒక మహిళా కానిస్టేబుల్ వెనక. పాలు తెచ్చిస్తామన్న మాట తప్పితే రెండోసారి ఆ వీధిలో ఎవరూ తలుపు తీయరు.

అరెస్టు, లాకప్

పాదరాయనపుర కథలో రెండో భాగం ఎక్కువమందికి గుర్తు లేదు. అరెస్టు చేసిన వంద మందికి పైగా నిందితులను రామనగర జైలుకు పంపారు. అప్పటిదాకా ఆ జిల్లాలో కేసుల్లేవు. కొన్ని రోజులకే వాళ్లలో కొందరికి పాజిటివ్ వచ్చింది. అందరినీ మళ్లీ బెంగళూరుకు తరలించి, జైలును ఖాళీ చేసి శుభ్రం చేయాల్సి వచ్చింది.

కాబట్టి ఏడేళ్ల లోపు శిక్ష నేరాలకు బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద నోటీసు ఇచ్చి వదలండి. తప్పనిసరి అరెస్టయితే ముందు పరీక్ష, తర్వాత లాకప్. లాకప్‌కు ఒక్కరు. మేజిస్ట్రేట్ ఒప్పుకుంటే వీడియోలో హాజరు. ఆ మనిషిని తాకినవాళ్ల పేర్లు, వేళలు ఒక రిజిస్టర్‌లో రాయించండి. ఫలితం పాజిటివ్ వస్తే ఆ పేజీ చూసి నలుగురినే పక్కన పెట్టవచ్చు. పేజీ లేకపోతే స్టేషన్ మొత్తానికి తాళం.

క్వారంటైన్ ఇళ్లు

2020 మార్చిలో హోం క్వారంటైన్ వాళ్ల చిరునామాలు కర్ణాటకలో జాబితాగా బయటికొచ్చాయి. ఇంటి యజమానులు ఖాళీ చేయమనడం, పాలవాడు రానని చెప్పడం ఇలాంటి జాబితాల తర్వాత వచ్చేవే. ఆ జాబితా మీ దగ్గర కాగితం మీద, ఒకే కాపీగా ఉండాలి. వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిన మరుక్షణం అది ఊరి సొత్తు.

అప్పట్లో గంటకో సెల్ఫీ పంపమన్న యాప్ కూడా నడిచింది. ఫోన్ జట్టు రోజుకు రెండుసార్లు మాట్లాడితే అంతకంటే ఎక్కువ తెలుస్తుంది: మందులున్నాయా, గ్యాస్ అయిపోయిందా, ఊపిరి ఆడుతోందా. మారతహళ్లి, బీటీఎం పీజీ హాస్టళ్లు మీ పరిధిలో ఉంటే అక్కడ గదికి ముగ్గురు నలుగురు, బాత్రూం ఉమ్మడి. హోం క్వారంటైన్ అన్న మాటకు అక్కడ అర్థం లేదు. యజమాని రాత్రికి రాత్రి పిల్లలను వెళ్లగొట్టకుండా లిఖితపూర్వకంగా చెప్పి, వేరే భవనం చూపించమని కార్పొరేషన్‌ను అడగండి. కదిరి నుంచి వచ్చిన పిల్లలు బ్యాగులు పట్టుకుని బాగేపల్లి దారి పడితే కొడికొండ చెక్‌పోస్టు దగ్గర రెండు రాష్ట్రాల మధ్య ఇరుక్కుంటారు.

వలస కూలీలు

కట్టడాల దగ్గర రేకుల షెడ్లలో ఎవరున్నారో మొదటి వారంలోనే లెక్క తీయండి: షెడ్డు, మేస్త్రీ పేరు, మనుషులు, ఊరు, భాష, ఎన్ని రోజుల బియ్యం ఉంది. కూలి అందని షెడ్డు మూడో వారానికి నడక మొదలుపెడుతుంది. 2020 మేలో కూలీలను సొంతూళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లు మొదలయ్యాక కర్ణాటక వాటిని రద్దు చేసి, రెండు మూడు రోజులకు మళ్లీ ఒప్పుకుంది. ఆ మధ్య రోజుల్లోనే నమ్మకం పోయి జనం రోడ్డెక్కారు. రైలు ఖాయమయ్యేదాకా తేదీ చెప్పకండి. ఖాయమయ్యాక షెడ్డు దగ్గరే పేర్లు రాసుకుని, షెడ్డు దగ్గరికే బస్సు పంపండి. స్టేషన్‌కు రమ్మంటే పది మందికి బదులు వెయ్యి మంది వస్తారు.

ఆక్సిజన్, మందులు, శ్మశానాలు

2021 మే మొదట్లో చామరాజనగర జిల్లా ఆస్పత్రిలో 24 మంది చనిపోయారు, ఆక్సిజన్ అందక జరిగిన ఘోరం. మీ పరిధిలోని ప్రతి ఆస్పత్రికీ ఎన్ని గంటల ఆక్సిజన్ మిగిలిందో ఉదయం, సాయంత్రం ఫోన్ చేసి రాసుకోండి. ఎనిమిది గంటలకు తగ్గితే పైకి చెప్పండి. ట్యాంకరుకు ఎస్కార్టు ఇచ్చేటప్పుడు డ్రైవర్ ఎన్ని గంటల నుంచి నిద్రపోలేదో అడగండి.

బ్లాక్‌లో ఇంజెక్షన్లు అమ్మేవాళ్లను పట్టుకునేటప్పుడు డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌ను వెంట తీసుకెళ్లండి. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం నాలుగో అధ్యాయం నేరాలకు పోలీసులు సొంతంగా ఎఫ్ఐఆర్ కట్టి విచారించలేరని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. మోసం, నిత్యావసర వస్తువుల చట్టం కింద మీ కేసు వేరుగా నడుస్తుంది. స్వాధీనం చేసుకున్న వయల్స్‌ను ఏ ఉష్ణోగ్రతలో ఉంచాలో చూసి ఉంచండి, కోర్టు అనుమతితో రోగికి పనికిరావచ్చు.

2021లో సుమనహళ్లిలో అంబులెన్సుల వరుస, తావరెకెరె, గిడ్డేనహళ్లిలో ఆరుబయట చితులు అందరికీ గుర్తే. అక్కడ ట్రాఫిక్ కంటే టోకెన్ ముఖ్యం. ఆస్పత్రి నుంచి కదలకముందే టైము చెబితే కుటుంబం ఎండలో ఆరు గంటలు నిలబడదు. 2020 ఏప్రిల్‌లో చెన్నైలో ఒక డాక్టరు అంత్యక్రియలను గుంపు అడ్డుకుని అంబులెన్సు మీద రాళ్లు వేసింది. శ్మశానం చుట్టుపక్కల ఇళ్లవాళ్లతో మొదటి శవం రాకముందే మాట్లాడండి.

సిబ్బందిలో ఒకరికి వస్తే

ఆ జట్టు మొత్తం ఇంటికి, మూడో జట్టు లోపలికి. స్టేషన్‌ను రోజుల తరబడి మూయక్కర్లేదు, తుడిచి, కిటికీలు తెరిచి నడపవచ్చు. పేషెంటు ఇంట్లో ఉంటే ఒక ఆక్సీమీటర్ ఇవ్వండి, రోజుకు నాలుగుసార్లు అంకె పంపమనండి. 94కి తగ్గితే, లేదా ఆరు నిమిషాలు గదిలో నడిచాక మూడు నాలుగు అంకెలు పడిపోతే వెంటనే ఆస్పత్రి. గోరింటాకు, నెయిల్ పాలిష్, చల్లబడ్డ వేళ్లు తప్పు అంకె చూపిస్తాయి. బెడ్ కోసం మీరే ఫోన్ చేయాలి, కుటుంబాన్ని తిప్పకండి. పోలీస్ క్వార్టర్స్‌లో పక్కింటివాళ్లు నీళ్ల కుళాయి దగ్గరికి రానివ్వకపోవడం మామూలే, ఒకసారి స్వయంగా వెళ్లి ఆ వరండాలో నిలబడండి.

నిద్ర పట్టనివాళ్లకు, చావులు చూసి మాట పడిపోయినవాళ్లకు టెలి మానస్ సహాయవాణి 14416 ఉంది. మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ మన ఊళ్లోనే ఉంది. పేరు చెప్పక్కర్లేదని చెప్పండి.

ఎత్తేసేటప్పుడు

బారికేడ్లు ఒక్క రాత్రిలో తీయవచ్చు, జప్తు బళ్లు అలా ఇవ్వలేరు. నంబరు చివరి అంకె ప్రకారం రోజుకు రెండు అంకెలు, గంటకు పదిహేను బళ్లు, స్టేషన్‌లో కాకుండా దగ్గరి మైదానంలో. బ్యాటరీలు దిగిపోయి ఉంటాయి, ఒక మెకానిక్‌ను జంపర్ తీగలతో కూర్చోబెట్టండి. ఫైన్ రసీదులు, సెక్షన్ 223 కింద చేసిన ఫిర్యాదులు, పాసుల జాబితా, జట్ల పట్టిక, ఏ వీధిలో ఎవరు మాట సాయం చేశారన్న పేర్లు ఒకే ఫైలులో కుట్టించి, క్వారంటైన్ చిరునామాల కాగితాన్ని మాత్రం పైఅధికారి అనుమతితో చించి, ఆ విషయం జనరల్ డైరీలో రాయించండి.